ఐస్ ఫ్యాక్టరీ ఎత్తు మీద ఆగిపోయే బండి

ముమ్మిడివరం నుంచి చెరువుల వైపు పోయే రోడ్డులో, కాలవ గట్టు ఎక్కగానే ఎడమచేతి పక్కన పాడుబడ్డ ఐస్ ఫ్యాక్టరీ ఒకటుంది. కప్పు ఎప్పుడో ఎగిరిపోయింది. గోడలు మాత్రం నాచు పట్టి నిలబడున్నాయి. పొద్దుగూకేక అక్కడ ఎవరూ బండి ఆపరు. ఆటోవాళ్ళయితే గట్టు మొదట్లోనే హారన్ నొక్కడం మొదలెట్టి, ఫ్యాక్టరీ దాటేదాకా వదలరు. టైరు పంచరైనా సరే, అలాగే ఈడ్చుకుపోతారు గానీ దిగరు.

ఎందుకర్రా అని అడిగితే ఎవడూ సరిగ్గా చెప్పడు. అటూ ఇటూ చూసి మాట మార్చేస్తాడు. నేను చెప్తాను, నాకేం భయవండీ? నా పేరు మహాలక్ష్మమ్మ. బస్టాండు దాటేక నాగదుర్గాప్రసాద్ మెకానిక్కు షెడ్డు ఉంది చూడండి, దానికెదురుగా ఉన్న టిఫిన్ కొట్టు నాదే. పొద్దున్న ఇడ్లీలు, పెసరట్లు, సాయంత్రం బజ్జీలు. ఊళ్ళో జరిగేవన్నీ ఎలాగూ నా పెనం ముందుకే వస్తాయి.

ఇందులో చాలావరకు ప్రసాదు నా బల్ల మీద కూచుని చెప్పిందే. కుడిచెయ్యి కట్టుతో మెళ్ళో వేలాడుతుంటే, ఎడంచేత్తో ఇడ్లీ తుంచుకుంటూ చెప్పేడు. చివర్లో జరిగింది మాత్రం నేను కళ్ళారా చూసేను. మధ్యలో అడ్డు రాకండి, నాకు చిరాకు.

ముందు గోపీకృష్ణ సంగతి చెప్పాలి.

గోపీ అంటే సుందరమ్మ కొడుకు. సుందరమ్మ సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. మొగుడు సముద్రం మీద వేటకెళ్ళి మరి రాలేదు. ఉన్నది ఒక్కడే కొడుకు. వాడు సూర్యారావుగారి దగ్గర వ్యాను డ్రైవరు. సూర్యారావుగారివి ఆ ఫ్యాక్టరీ అవతల రొయ్యల చెరువులు. చెరువుల్లో రొయ్యలు పట్టినప్పుడల్లా వాటిని ఐసులో వేసి, వ్యానుకెక్కించి, గోపీ పట్టుకెళ్ళి కంపెనీలో దింపి వచ్చేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. నా కొట్లో చట్నీ అయిపోయినా అడిగేవాడు కాదు, వట్టి ఇడ్లీయే తినేసి వెళ్ళిపోయేవాడు.

ఆ రోజుల్లో సూర్యారావుగారి చెరువుల్లో రొయ్యలు పోతున్నాయి. ఎవరో రాత్రిళ్ళు వలేసి పట్టుకుపోతున్నారు. ఆయనకి నిద్ర లేదు. కాపలాకి మనుషుల్ని పెట్టేరు, వాళ్ళకి బుచ్చిరాజుని పెద్దని చేసేరు. అయినా దొంగ దొరకలేదు.

సరిగ్గా అప్పుడే గోపీ ఓ మాట పట్టుకుని తిరిగేవాడు. సాయంత్రంపూట లోడుతో వస్తుంటే బండి ఆ గట్టు మీద ఆగిపోతోందనీ, కాసేపుంటే దానంతటదే బాగైపోతోందనీ, ఓసారి ప్రసాదు చేత కంప్యూటరు పెట్టించి చూపిద్దామనీ. చాలాసార్లు చెప్పేడు. సూర్యారావుగారు నమ్మలేదు. ఊరంతా తిరిగినప్పుడు ఆగని బండి, చీకటి పడేక, సరిగ్గా ఆ పాడుకొంప పక్కనే ఎందుకాగుతుందీ అన్నది ఆయన లెక్క. వీడే అక్కడ బండాపి సరుకు దొంగలకి అందిస్తున్నాడని మనసులో పెట్టేసుకున్నారు.

ఓ ముసురు సాయంత్రం గోపీ లోడుతో బయల్దేరేడు. బుచ్చిరాజూ, కాపలావాళ్ళూ అప్పటికే ఫ్యాక్టరీ గోడల వెనక నక్కేరు. సూర్యారావుగారు మోటారుసైకిలు లైటార్పేసి వెనకాలే వచ్చేరు.

బండి గట్టెక్కింది... ఆగింది.

బ్యాటరీ దిగిపోతుందని గోపీ లైట్లార్పేడు. కాసేపు చూసి, ఐసు కరిగిపోతోందేమోనని దిగి, వెనక తలుపు తీసి చూసేడు. లైట్లార్పడం, తలుపు తియ్యడం — ఇంకేం కావాలండీ వాళ్ళకి? చుట్టుముట్టేశారు.

"బండి ఆగిపోయిందండీ," అన్నాడు గోపీ.

సూర్యారావుగారు వెళ్ళి డ్రైవరు సీట్లో కూచుని తాళం తిప్పేరు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. చక్కగా, ఏ రోగమూ లేనట్టు.

ఆయన దిగొచ్చి లెంపకాయ కొట్టేరు. మొదటి దెబ్బ ఆయనదే. ఆ తరవాత కర్రలు లేచేయి. వాడు పారిపోలేదండీ. పారిపోతే దొంగని ఒప్పుకున్నట్టవుతుందనుకున్నాడో ఏమో. చేతులు జోడించుకుని అదే మాట చెప్తూ నిలబడ్డాడు. మూతి మీద కర్ర పడింది. పళ్ళు ఊడిపోయేయి. కింద పడ్డాక కూడా కొట్టేరు. మోకాళ్ళ మీద, వీపు మీద, తల మీద. వానలో, బురదలో, ఆ బండి పక్కన ఇంజను తిరుగుతుండగా మనిషిని చంపేశారు.

తెల్లారేసరికి శవం చెరువులో ఉంది. తాగి పడిపోయేడన్నారు. జీవితంలో చుక్క ముట్టనివాడు తాగి పడ్డాడట. సుందరమ్మ ఎక్కని గడప లేదు. వినేవాడేడీ?

కొడుకు పోయేడు సరే, పైగా దొంగ అన్న పేరు. సంతలో ఆవిడ తట్ట దగ్గరికి రావడం మానేశారు కొందరు. వాళ్ళ నోళ్ళు పడిపోనూ.

మరి రొయ్యలు పోవడం ఆగిందా? లేదు. గోపీ పోయేకా పోతూనే ఉన్నాయి. అప్పుడే సూర్యారావుగారికి మొదటిసారి గుండెలో ముల్లు దిగిందనుకుంటాను. కానీ మనిషికి ఒప్పుకోవడం కష్టం కదండీ. ఒప్పుకోకపోగా బుచ్చిరాజుకి ఇంకా గట్టిగా చెప్పేరు. పొద్దుగూకేక ఆ గట్టు మీద ఏ బండి ఆగినా సరే, ముందు కొట్టండి, తరవాత అడగండి అని.

ఆ బండి నడపడానికి ఇంకో డ్రైవరు నిలవలేదు. ఒకడు చేరేడు. రెండోసారి లోడుకే బండి గట్టు మీద వదిలేసి పరిగెత్తుకొచ్చి, నా కొట్లో కూచుని నీళ్ళు తాగేడు. ఉన్న పళాన ఊరొదిలి పోయేడు. ఇక సూర్యారావుగారే నడుపుకోవాల్సొచ్చింది.

ఆయనకీ ఆగింది.

అదే గట్టు. అదే ఫ్యాక్టరీ. కాపలావాళ్ళ కంట పడకుండా కాసేపు చీకట్లో కూచుని తాళం తిప్పితే ఒక్క తిప్పుకే స్టార్టయింది. ఆ రోజు నుంచీ ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కాపలావాళ్ళకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు. చెప్తే వాళ్ళేవనుకుంటారు? ఈయనకే ఆగిందంటే, మరి ఆ రోజు మనం ఎవణ్ణి చంపినట్టూ అనుకోరూ?

చివరికి ఓ మధ్యాహ్నం బండి ప్రసాదు షెడ్డుకి తెచ్చేరు. నేను టీ పట్టుకెళ్ళేసరికి ఆయన బల్ల మీద తల పట్టుకుని కూచున్నారు. ప్రసాదు స్టీరింగు కింద స్కానరు గుచ్చి, దాని తెర వైపే చూస్తున్నాడు.

ఈమధ్య బండ్లకి నోరొచ్చింది కదండీ. లోపలున్న కంప్యూటరు తనకి ఏ జబ్బు చేసిందో కోడు రాసి పెట్టుకుంటుంది. స్కానరు గుచ్చితే చెప్తుంది. ఆ బండి చెప్పిన కోడు ఒకటే. ఇంజను తిరుగుతోందో లేదో కంప్యూటరుకి కబురందించే సెన్సరు ఒకటి ఉంటుందట, అది సరిగ్గా పలకడం లేదని.

ప్రసాదు మామూలుగానే చెప్పుకుపోయేడు. ఇంజను బాగా కాగితే ఆ సెన్సరు కబురు పంపడం మానేస్తుందండీ, ఇంజను తిరగడం లేదనుకుని కంప్యూటరు డీజిలు కట్టేస్తుందండీ, బండి ఆగిపోతుందండీ అని. నిండు లోడుతో, బురదలో, మొదటి గేరులో ఆ గట్టెక్కేసరికి ఇంజను బాగా కాగుతుంది, అందుకే ఎప్పుడూ అక్కడే ఆగుతోంది. కాస్త చల్లారితే సెన్సరు మళ్ళీ పలుకుతుంది, తాళం తిప్పగానే స్టార్టవుతుంది.

చెప్పి, నాలుక కరుచుకున్నాడు. ఎవరితో చెప్తున్నాడో అప్పుడు గుర్తొచ్చింది వాడికి.

సూర్యారావుగారు చిన్నగా అన్నారు. "దెయ్యమని తేలితే శాంతి చేయించుకుంటాను ప్రసాదూ. బండిలోనే లోపమని తేలితే... నేనేం చెయ్యాలి?"

నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. అంత పెద్దమనిషి, దెయ్యమే అయితే బాగుణ్ణని దేవుణ్ణి కోరుకుంటున్నాడండీ. బండి లోపమైతే గోపీ చెప్పింది నిజం. గోపీ చెప్పింది నిజమైతే తను చంపింది దొంగని కాదు. అదీ ఆయన బాధ.

ప్రసాదు అప్పుడే తేల్చెయ్యలేదు. వాడి పద్ధతి వాడిది. కోడు పడింది కదా అని ఆ సామానే పోయిందనుకోకూడదట, వైరు తెగినా అదే కోడు పడుతుందట. కొత్త సామాను వెయ్యాలి, కోడు చెరపాలి. చెరిపినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. ఏ చోట ఆగిందో ఆ చోటికే, ఏ వేళ ఆగిందో ఆ వేళకే, అంతే బరువుతో నడిపి చూడాలి. అప్పుడూ ఆగకపోతేనే రిపేరు అయినట్టు. అలా చూడకుండా వాడు ఏ బండీ బయటికి పంపడు.

సెన్సరు మార్చేడు. కోడు చెరిపేడు. బజారంతా తిప్పుకొచ్చేడు, మళ్ళీ కోడు పడలేదు. వ్యానులో రొయ్యల బరువుకి సరిపడా ఇసక బస్తాలు వేయించేడు. పొద్దు వాలింది. ముసురు పట్టింది.

నేను అడ్డం పడ్డాను. పగలు చూసుకోవచ్చు కదరా అన్నాను. పగలు ఎప్పుడూ ఆగలేదట పిన్నీ, ఆగనప్పుడు చూసి ఏం లాభం అన్నాడు. పోనీ బుచ్చిరాజు వాళ్ళకి కబురు చెయ్యండని సూర్యారావుగారితో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపేరు. ఈ పరీక్ష సంగతి వాళ్ళకి తెలియడానికి వీల్లేదన్నారు. వానకోటు తొడుక్కుని, టోపీ నెత్తి మీదకి లాక్కుని బండెక్కేరు. చెప్పినా వినేవాళ్ళు కాదనుకుని నా బజ్జీలు నేను వేసుకున్నాను.

సూర్యారావుగారే నడిపేరు. ప్రసాదు పక్క సీట్లో స్కానరు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. చెరువుల దాకా పోయి, ఇంజను బాగా కాగేదాకా అక్కడక్కడే తిరిగేరు. తరవాత గట్టు వైపు తిప్పేరు.

ఫ్యాక్టరీ గోడలు కనపడ్డాయి. బండి బురదలో మూలుగుతూ ఎక్కుతోంది... ఎక్కుతోంది... ప్రసాదు తెర మీంచి కళ్ళు తియ్యలేదు. సెన్సరు పలుకుతూనే ఉంది.

ఫ్యాక్టరీ దాటిపోయింది. బండి ఆగలేదు.

"ఇంకోసారి," అన్నారు సూర్యారావుగారు.

తిప్పుకొచ్చేరు. మళ్ళీ ఎక్కేరు. ఆగలేదు. ఆయన నుదుటి మీద చెమటలు. ఇంకోసారి అన్నారు. చెరువు గట్టు చివర ఎవరో టార్చి వేసి ఆర్పినట్టయింది, ప్రసాదు పట్టించుకోలేదు.

ఈసారి సరిగ్గా ఎత్తు మీదకి, ఫ్యాక్టరీ గుమ్మం ఎదరకి రాగానే ప్రసాదు స్కానరు పక్కన పెట్టేశాడు. ఇంక చాలండీ అన్నాడు. రిపేరు ఖాయం, సెన్సరే పోయింది, మొదట్నుంచీ అదే అన్నాడు.

సూర్యారావుగారు స్టీరింగు గట్టిగా పట్టుకున్నారట.

"అయితే గోపీ అబద్ధం చెప్పలేదు," అన్నారు.

ఆ మాట పూర్తయిందో లేదో — ఇంజను ఆగిపోయింది.

ఇంజనొక్కటే కాదు. లైట్లు ఆరిపోయేయి. వైపర్లు మధ్యలో నిలిచిపోయేయి. ప్రసాదు పక్కన స్కానరు తెర కూడా చీకటైపోయింది. సెన్సరు పోతే లైట్లెందుకు పోతాయండీ? వాడికి అర్థం కాలేదు. అద్దం మీద వాన చప్పుడు... దూరంగా చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఫ్యాన్ల చప్పుడు... అంతే.

ప్రసాదు భయపడ్డాడు గానీ చేతిలో పని ఉంటే వాడికి భయం కాస్త తగ్గుతుంది. ఫోను లైటు వేసుకుని దిగి, బానెట్ ఎత్తి, బ్యాటరీ వైర్లు కదిపి చూస్తున్నాడు. సూర్యారావుగారు కూడా దిగేరు. లోపల కూచోలేకపోయేరనుకుంటాను. బండి వెనక్కి వెళ్ళి, తలుపుకి చెయ్యి ఆన్చి నిలబడ్డారు.

బుచ్చిరాజు మనుషులు అప్పటికి చాలాసేపటి నుంచీ చూస్తున్నారు. అయ్యగారి బండి షెడ్డులో ఉందనే వాళ్ళకి తెలుసు. ఎవరిదో ఒక వ్యాను చీకట్లో గట్టెక్కుతుంది, దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఎక్కడ ఆగాలో చూసుకుంటున్నారన్నమాట దొంగలు. చివరికి లైట్లార్పి ఆగింది. ఒకడు వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు.

ముందు కొట్టమన్నారు కదా.

మొదటి కర్ర దవడ మీద పడింది. దవడ విరిగిన చప్పుడు ప్రసాదుకి బానెట్ దాకా వినపడిందట. సూర్యారావుగారు నేనురా అని చెప్పబోయేరు. నోరు పలకలేదు. నోట్లోంచి మాట రాలేదు, రక్తం వచ్చింది. రెండోది మోచేతి మీద. మూడోది మోకాలి మీద. బురదలో పడ్డారు.

ప్రసాదు బానెట్ కిందనుంచి తల ఎత్తి, గట్టిగా కేకెయ్యబోయేడు. మీ అయ్యగార్రా, కొట్టకండ్రా అని.

అప్పుడు బండి స్టార్టయింది.

స్టార్టవడం అంటే మామూలుగా కాదండీ. ఎవడో కాలు అడుగంటా తొక్కినట్టు ఒక్కసారి గర్జించింది. ప్రసాదు కుడిచెయ్యి ఇంకా ఇంజను మీదే ఉంది. ఫ్యాను బెల్టు వేళ్ళని లాగేసుకుంది. వాడు ఎంత అరిచినా ఆ హోరులో ఎవరికీ వినపడలేదు. చెయ్యి ఊడబెరుక్కుని రోడ్డు పక్కన గడ్డిలో పడ్డాడు. వేళ్ళ ముక్కలు ఇంజనులోనే ఉండిపోయేయి.

వెనక సూర్యారావుగారు పాకుతున్నారు. విరిగిన దవడతో ఏదో అంటున్నారు. బుచ్చిరాజు వంగి విన్నాడు. ఆగిపోయింది, బండి ఆగిపోయింది అంటున్నట్టు అర్థమైంది వాడికి.

"ఆగిపోయిందా? మరి ఆ తిరిగేదేంటి?" అన్నాడు బుచ్చిరాజు. పక్కటెముకల మీద కాలు పెట్టి తొక్కేడు.

ఆ తరవాత ఎవడు ఎక్కడ కొట్టేడో వాళ్ళకే తెలీదు. మొహం మీద కొట్టేరు. నేల మీద పెట్టిన చేతుల మీద కొట్టేరు. ఒక కన్ను అక్కడే పోయింది. కొడుతున్నంతసేపూ ఇంజను హోరు తగ్గలేదు. కర్ర లేచినప్పుడల్లా ఇంకా పెరిగింది అన్నాడు ప్రసాదు. గడ్డిలో పడి, వేళ్ళు తెగిన చెయ్యి కడుపుకి అదుముకుని, వాడు అదంతా విన్నాడు.

చాలనుకున్నారో, దొంగ మొహం చూద్దామనుకున్నారో, కాళ్ళు పట్టుకుని బండి ముందుకి ఈడ్చుకొచ్చేరు.

టక్కున లైట్లు వెలిగేయి. రెండూ. నిండుగా, ఆయన మొహం మీదే.

మొహమంటే ఇంకేం మిగిల్లేదు గానీ, వానకోటు టోపీ తొలిగిపోయింది, తెల్ల జుట్టూ చెవి పక్కన పుట్టుమచ్చా కనపడ్డాయి. బుచ్చిరాజు చేతిలో కర్ర జారిపోయింది. ఒకడు అక్కడే వాంతి చేసుకున్నాడు. ఇంజను చప్పుడు మెల్లగా తగ్గి, షెడ్డులో ఉన్నట్టు బుద్ధిగా తిరగసాగింది.

ఎవరో ఆయన్ని ఎత్తండ్రా అన్నారు. ఇంకెవరో బండి మనోడెవడో స్టార్ట్ చేసేడుగా, వెనక్కి తిప్పమనండ్రా అన్నారు. అప్పుడు బుచ్చిరాజు అడిగేడట, స్టీరింగు దగ్గర ఎవర్రా అని.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకడు నువ్వే అనుకున్నానన్నాడు. ఇంకొకడు, నేను తిరిగి చూసేసరికి కిటికీ మీద ఎవరిదో చెయ్యి ఉంది అన్నాడు. నేను కాదంటే నేను కాదన్నారు. వచ్చినవాళ్ళందరూ రోడ్డు మీదే ఉన్నారు.

ప్రసాదు గడ్డిలోంచి లేచొచ్చి, డ్రైవరు తలుపు తీసేడు. సీట్లో ఎవరూ లేరు. తాళం కోసం చెయ్యి పెట్టేడు. తాళం అక్కడ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది వాడికి. బానెట్ కింద చెయ్యి పెట్టే ముందు తాళం ఊడదీసి తన జేబులో వేసుకోవడం వాడి అలవాటు. లోపల చేతులుండగా ఎవడైనా తిప్పితే వేళ్ళు పోతాయని. లాగు జేబు తడుముకున్నాడు. తాళం జేబులోనే ఉంది. బండి మాత్రం తిరుగుతోంది.

ఆలోచించే వేళ కాదు. ఇసక బస్తాల మీద సూర్యారావుగార్ని పడుకోబెట్టేరు. తాళం పెట్టి, బుచ్చిరాజే ఏడుస్తూ అమలాపురం దాకా నడిపేడు. దారిలో ఎక్కడా బండి ఉలకలేదు, పలకలేదు.

చెయ్యి కాస్త కుదురుకున్నాక ప్రసాదు మళ్ళీ స్కానరు గుచ్చి చూసేడు. ఊరికే వదిలేసే రకం కాదు వాడు. బండి ఆగిందంటే ఏదో ఒక కోడు పడాలి. ఒక్కటీ లేదు. వైర్లు బాగున్నాయి, బ్యాటరీ బాగుంది, కొత్త సెన్సరు బాగుంది. ఆ రాత్రి ఆ బండి ఆగినట్టు గానీ, తాళం లేకుండా తిరిగినట్టు గానీ కంప్యూటరులో ఆనవాలే లేదు. వైరులోకి నీళ్ళు దిగి ఉంటాయి పిన్నీ అన్నాడు నాతో. అంటూ తన చేతి వైపు చూసుకున్నాడు. నేను ఇంకో ఇడ్లీ వేసేను.

సూర్యారావుగారు చావలేదు. అమలాపురం ఆసుపత్రిలో దవడకి తీగలు బిగించి ఉంచేరు. ప్రాణం నిలబడ్డాక ఆయన చేసిన మొదటి పని పోలీసుల్ని పిలిపించడం. గోపీని ఎవరు చంపేరో, మొదటి దెబ్బ ఎవరిదో, పళ్ళ సందుల్లోంచే చెప్పేశారు. ఆ రాత్రి సంగతంతా మాకు పూర్తిగా తెలిసింది అప్పుడే. ఇంటివాళ్ళు నెత్తీ నోరూ బాదుకున్నారు, ఆయన వినలేదు. రెండో పని, సుందరమ్మని తీసుకురమ్మని నాకు కబురంపేరు.

ఆవిడ రాదనుకున్నాను. నేనైతే వెళ్ళను, నిజం చెప్తున్నా. కానీ నేను వెళ్ళేసరికి ఆవిడ ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పాల క్యాను. ఆటోలో దాన్ని నా ఒళ్ళో పెట్టి పట్టుకోమంది. వెచ్చగా ఉంది.

ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన నిలబడింది. ఆయనకి ఒక్క కన్నే మిగిలింది, దాన్నుంచే ధారగా కారుతోంది. కట్టుకట్టిన చేతులు రెండూ దగ్గరకి తెచ్చి దణ్ణం పెట్టబోయేరు, కుదరలేదు.

"అమ్మా... బండి నిజంగానే ఆగిపోయిందమ్మా," అన్నారు. "నీ కొడుకు అబద్ధం చెప్పలేదు."

సుందరమ్మ ఏడవలేదు. కోప్పడలేదు. మామూలుగా, సంతలో బేరానికి బదులు చెప్పినట్టు చెప్పింది.

"ఆయ్, తెలుసండీ. ఆ రాత్రే ఇంటికొచ్చి చెప్పేడు. బండి ఆగిపోయిందమ్మా, అయ్యగారు నమ్మలేదు అన్నాడు. అన్నం పెట్టేను. పళ్ళన్నీ ఊడిపోయేయమ్మా, నమల్లేను అన్నాడు. గంజి కాచి తెచ్చేసరికి లేడండీ."

సూర్యారావుగారు ఆవిడ వైపే చూస్తున్నారు. ఆ రాత్రి గోపీ ఇంటికెళ్ళలేదండీ. గట్టు మీద పడ్డవాడు పడ్డట్టే ఉన్నాడు, అక్కణ్ణుంచే చెరువులో వేసేశారు. అది ఆయనకీ తెలుసు.

ఆవిడ నా చేతిలోంచి క్యాను తీసుకుంది. మూత తీసి, గ్లాసులోకి వంపింది. గంజి.

"నిన్న రాత్రి మళ్ళీ వచ్చేడండీ," అంది. "అయ్యగారు కూడా నమల్లేకపోతున్నారమ్మా, పట్టుకెళ్ళు అన్నాడు. తాగండి."

ఆవిడే ఆయన తల ఎత్తి పట్టుకుని, గ్లాసు పెదాలకి ఆనించింది. ఆయన వణుకుతూ, ఏడుస్తూ అంతా తాగేరు.